వెంకయ్యనాయుడు గారికి మా తీరం వెండి నాణెం

జులై 1 వచ్చేసరికి మా జువ్వలదిన్నె తీరంలో బోట్లన్నీ సముద్రం మీదే ఉంటాయి. ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా ఉండే వేట నిషేధం ముగిసి రెండు వారాలు దాటి ఉంటుంది. వలలు బాగు చేసుకుని, ఇంజన్లు సరిచూసుకుని గంగమ్మకు మొక్కి లోపలికి వెళ్లిన వాళ్లు సరుకుతో తిరిగి వస్తుంటారు. సరిగ్గా ఆ పనుల సందడిలోనే మా జిల్లా బిడ్డ, మాజీ ఉపరాష్ట్రపతి, పద్మవిభూషణ్ ముప్పవరపు వెంకయ్యనాయుడు గారి పుట్టినరోజు వస్తుంది. 1949 జులై 1న నెల్లూరు జిల్లా చవటపాలెంలో ఒక రైతు ఇంట పుట్టిన ఆయన, అమృతోత్సవం జరుపుకొని శతాబ్ది వైపు నిండుగా నడుస్తున్న ఈ వేళ, పడమట ఉదయగిరి కొండల నుంచి తూర్పున ఈ కెరటాల దాకా ఉన్న ఆయన శ్రేయోభిలాషులందరి తరఫున మనసారా అభినందనలు. ఆయురారోగ్య ఐశ్వర్యాభివృద్ధిరస్తు!

ఈ ఏడాది శుభాకాంక్షలతో పాటు మా మనసులో ఉన్న కోరిక కూడా బయటపెడుతున్నాం. ఆయన పేరిట ఒక వెండి నాణెం రావాలి. అదీ ఆయన కళ్లెదుటే, ఆయన చేతిలో పెట్టేలా రావాలి.

బతికున్న మనిషి ముఖం వెండి మీద వేయడం ఏమిటని ఎవరైనా అడిగితే, ఈ నేలే జవాబు చెబుతుంది. రెండో శతాబ్దంలో శాతవాహన రాజులు తాము జీవించి ఉండగానే తమ ముఖాలతో వెండి నాణేలు వేయించారు. ఒకవైపు ప్రాకృతంలో, మరోవైపు ఇక్కడి జనం మాట్లాడే ద్రావిడ భాషలో అక్షరాలు చెక్కించారు. ఏలిక పేరు ఏలుబడిలోని వారి నుడిలో కూడా ఉండాలన్న ఆలోచన అంత పాతది. ఆ వంశంలోనే యజ్ఞశ్రీ శాతకర్ణి రెండు తెరచాప కొయ్యలున్న ఓడ బొమ్మతో నాణేలు వేయించాడు. అవి దొరికింది ఈ కోరమాండల్ తీరం పొడుగునే. సముద్రం మీద బతికే జనాన్ని నాణెం మీదికి ఎక్కించిన రాజు ఆయన. ఇక 1786లో నెల్లూరు దగ్గర ఒక రైతు పొలం దున్నుతుంటే నాగలికి ఇటుక కట్టడం తగిలింది. తవ్వి చూస్తే పాత గుడి ఆనవాళ్లు, వాటి కింద చిన్న కుండ, ఆ కుండలో రోము చక్రవర్తుల నాటి బంగారు నాణేలు! ట్రాజన్, హేడ్రియన్ ముఖాలు పదహారు వందల ఏళ్లు మా మట్టిలో నిద్రపోయి బయటికొచ్చాయి.

కవి పండితుల సంగతికొస్తే మన వాళ్లు ఇంకా ఉదారులు. విజయనగరంలో ప్రౌఢదేవరాయలు శ్రీనాథుడికి కనకాభిషేకం చేయించాడు. కృష్ణదేవరాయలు అల్లసాని పెద్దన కాలికి స్వయంగా గండపెండేరం తొడిగాడని చెప్పుకుంటాం. ఆ రాయలే 1514లో మా ఉదయగిరి దుర్గాన్ని జయించి అక్కడి బాలకృష్ణుణ్ణి హంపికి తీసుకెళ్లాడు. తెలుగువాడికి గౌరవం అంటే కళ్లముందు, పదిమందిలో, లోహం మెరుస్తుండగా జరిగే గౌరవం. పోయాక పటానికి దండ వేయడంలో మనకు లోటు లేదు గానీ, ఉన్నప్పుడు చేసే సన్మానానికి ఉన్న వెలుగు దానికి రాదు.

స్వతంత్ర భారతంలో ఆనవాయితీ మారింది. 1964లో నెహ్రూ కన్నుమూశాక ఆయన ముఖంతో నాణేలు వచ్చాయి. 1969లో గాంధీజీ శతజయంతికి పది రూపాయల వెండి నాణెం వచ్చింది. 2018 డిసెంబరులో అటల్ బిహారీ వాజ్‌పేయి గారి పేరిట వంద రూపాయల నాణెం విడుదలైంది. 2023 ఆగస్టు 28న రాష్ట్రపతి భవన్‌లో ద్రౌపది ముర్ము గారి చేతుల మీదుగా మన ఎన్టీఆర్ శతజయంతి నాణెం వెలువడింది. 44 మిల్లీమీటర్ల వ్యాసం, 35 గ్రాముల బరువు, అందులో సగం వెండి, 40 శాతం రాగి, తక్కినది నికెల్, జింకు. హైదరాబాద్ టంకశాలలో తయారైన ఆ నాణెం కోసం తెలుగువాళ్లు ఎంత ఆరాటపడ్డారో మనం చూశాం. వీళ్లంతా కాలం చేశాకే నాణెం మీదికి వచ్చినవారు.

ఇక్కడే మా గుండె ఉప్పొంగే సంగతి ఒకటి ఉంది. ఇటీవలి ఈ రెండు నాణేల మీది ఇద్దరు మహానేతల పక్కనా కష్టకాలంలో నిలబడిన మనిషి మా వెంకయ్యనాయుడు గారే. నెల్లూరులో కుర్రవాడిగా వాజ్‌పేయి గారి సభ కోసం గోడలకు పోస్టర్లు అంటించి, మైకు పట్టి ప్రచారం చేసిన ఆయన, తర్వాత అదే వాజ్‌పేయి గారి మంత్రివర్గంలో మంత్రి అయ్యారు, ఆయన పార్టీకే జాతీయ అధ్యక్షుడయ్యారు. 1984 ఆగస్టులో ఎన్టీఆర్ ప్రభుత్వాన్ని అన్యాయంగా కూలదోసినప్పుడు పార్టీ వేరైనా ప్రజాతీర్పు పక్షాన నిలిచి, ప్రజాస్వామ్య పునరుద్ధరణ కోసం ఊరూరా గొంతెత్తారు. నెల తిరిగేసరికి, సెప్టెంబరు 16న, ఎన్టీఆర్ మళ్లీ ముఖ్యమంత్రి పీఠం ఎక్కారు. ఆ నెల రోజులు చూసినవాళ్లకు వెంకయ్యనాయుడు అంటే ఏమిటో వేరే చెప్పక్కర్లేదు.

మొదటి నుంచీ తలచుకుంటే ఆయన ప్రయాణం ఒక కథలా సాగుతుంది. పసితనంలోనే కన్నతల్లి రమణమ్మ గారిని పోగొట్టుకున్నారు. తాతయ్య, అమ్మమ్మల పెంపకం. నెల్లూరు వి.ఆర్. కళాశాలలో రాజనీతిశాస్త్రంలో డిగ్రీ. విశాఖపట్నంలో ఆంధ్ర విశ్వవిద్యాలయంలో న్యాయశాస్త్రం. 1972లో జై ఆంధ్ర ఉద్యమం ఉవ్వెత్తున లేచినప్పుడు ఆ పొడుగాటి యువకుడి ప్రసంగం వినడానికి నెల్లూరు జనం గుమిగూడేవారు. 1973-74లో విశ్వవిద్యాలయ కళాశాలల విద్యార్థి సంఘానికి అధ్యక్షుడయ్యారు. 1974లో జయప్రకాశ్ నారాయణ్ పిలుపునందుకుని ఛాత్ర సంఘర్ష సమితికి రాష్ట్రంలో కన్వీనరయ్యారు. ఎమర్జెన్సీ వచ్చింది, జైలు వచ్చింది. పాతికేళ్లు దాటీదాటని వయసులో జైలు గోడలు చూసినవాడు తర్వాత ఏ పదవిని చూసీ బెదరలేదు, ఏ పదవిని చూసీ మురిసిపోలేదు.

1978లో శాసనసభ ఎన్నికలు. ఇందిరా గాంధీ గాలి బలంగా వీచిన ఆ ఏడాది, ఇంకా 29 ఏళ్లు నిండని వెంకయ్యనాయుడు జనతా పార్టీ అభ్యర్థిగా ఉదయగిరిలో గెలిచారు. 1983లో ఎన్టీఆర్ ప్రభంజనం. తెలుగుదేశం సైకిలు రాష్ట్రమంతటా దూసుకుపోయిన ఎన్నికలవి. అప్పుడూ ఉదయగిరి జనం ఆయన్నే పంపారు, ఈసారి భారతీయ జనతా పార్టీ తరఫున. రెండు పెనుగాలుల్లోనూ ఆరని దీపం ఇది. మెట్ట పొలాలు, మేకల మందలు, తాగునీటి కరువు ఉన్న ఆ ప్రాంతం నోరు విప్పాలంటే ఆయన గొంతే దిక్కు అయింది.

ఆ రోజుల్లో శాసనసభలో ఒకే బెంచీ మీద జైపాల్ రెడ్డి గారు, వెంకయ్యనాయుడు గారు కూర్చునేవారు. ఇద్దరూ లేచారంటే ప్రభుత్వ పక్షం వాళ్లు కాగితాలు సర్దుకునేవారు. వాళ్లను తిరుపతి వేంకట కవులని పిలిచేవారు. తర్వాత దారులు విడిపోయాయి, పార్టీలు ఎదురుబొదురయ్యాయి, స్నేహం మాత్రం చెదరలేదు. 2019 జులైలో జైపాల్ రెడ్డి గారు కన్నుమూసినప్పుడు రాజ్యసభ అధ్యక్ష స్థానంలో ఉండి సంతాపం చదువుతూ వెంకయ్యనాయుడు గారు కంటతడి పెట్టారు. దేశమంతా చూసింది. ఎదుటి పార్టీ మనిషి కోసం కన్నీరు పెట్టగల నాయకులు ఇవాళ ఎందరున్నారు? ఈ ఒక్క దృశ్యం చాలు, మేం వెండి గురించి మాట్లాడటానికి.

ఓటములూ ఉన్నాయి. దాచేది లేదు. 1989లో బాపట్లలో, 1996లో హైదరాబాద్‌లో లోక్‌సభకు పోటీ చేసి ఓడారు. దక్షిణాదిలో తన పార్టీకి పునాదులే లేని కాలమది. 1988 నుంచి 1993 దాకా రాష్ట్ర అధ్యక్షుడిగా, ఆ తర్వాత జాతీయ ప్రధాన కార్యదర్శిగా ఆయన తిరగని తాలూకా లేదు, ఎక్కని బస్సు లేదు. 1998లో కర్ణాటక నుంచి రాజ్యసభకు వెళ్లారు. ఆ రాష్ట్రం మూడుసార్లు, 2016లో రాజస్థాన్ ఒకసారి ఆయన్ను పంపాయి. నెల్లూరు మనిషిని కన్నడిగులు, రాజస్థానీలు తమవాడిగా పంపడం చిన్న విషయం కాదు.

2000 సంవత్సరంలో వాజ్‌పేయి గారి ప్రభుత్వంలో గ్రామీణాభివృద్ధి మంత్రి అయ్యారు. అదే ఏడాది డిసెంబరు 25న ప్రధానమంత్రి గ్రామ సడక్ యోజన మొదలైంది. 500 జనాభా దాటిన పల్లెలకు వానకూ వరదకూ చెడని రోడ్డు వేయాలన్నది లక్ష్యం. సముద్రం పక్కన బతికేవాళ్లకు ఈ మాట విలువ బాగా తెలుసు. తెల్లవారుజామున దిగిన చేప మధ్యాహ్నానికి మార్కెట్ చేరాలంటే ఐసు ఎంత ముఖ్యమో రోడ్డు అంత ముఖ్యం. ఒక తారు రోడ్డు లేక ఎన్ని బుట్టల చేప పాడైపోయిందో, ఎందరు గర్భిణులు దారిలోనే అవస్థ పడ్డారో తీర గ్రామాల్లో పెద్దలు ఇప్పటికీ చెబుతారు. ఆ పథకం దేశంలో లక్షల కిలోమీటర్ల రోడ్లయింది. దానికి తొలినాళ్ల మంత్రి మావాడు.

2002 జులై 1. ఆయన పుట్టినరోజు నాడే భారతీయ జనతా పార్టీ జాతీయ అధ్యక్ష బాధ్యత స్వీకరించారు. గోడ మీద పోస్టరు అంటించిన చేయి పార్టీ పగ్గాలు పట్టింది. తర్వాత పదేళ్లు ప్రతిపక్షంలో. 2014 ఫిబ్రవరిలో రాష్ట్ర విభజన బిల్లు రాజ్యసభలో చర్చకు వచ్చినప్పుడు మిగిలిపోయే ఆంధ్రప్రదేశ్ కోసం ఆయన పట్టుబట్టి అడిగిన విషయాలు తెలుగువాళ్లు మరచిపోలేదు. ఆ ఏడాదే కేంద్రంలో పట్టణాభివృద్ధి, గృహనిర్మాణం, పార్లమెంటరీ వ్యవహారాల మంత్రి. 2015 జూన్ 25న ఒకే రోజున స్మార్ట్ సిటీలు, అమృత్, పట్టణ పేదల ఇళ్ల పథకం మూడూ మొదలయ్యాయి. 2016లో సమాచార ప్రసార శాఖ కూడా చేతికొచ్చింది.

ఆ తర్వాత 2017. ఉపరాష్ట్రపతి పదవికి అభ్యర్థిగా పార్టీ సభ్యత్వం వదులుకోవలసి వచ్చిన రోజున ఆయన గొంతు పూడుకుపోయింది. పసితనంలో తల్లిని పోగొట్టుకున్న తనను పార్టీయే తల్లిలా పెంచిందని ఆయన చెప్పుకున్నారు. ఆగస్టు 5న 516 ఓట్లతో గెలిచి, 11న దేశానికి 13వ ఉపరాష్ట్రపతిగా ప్రమాణం చేశారు. స్వాతంత్ర్యం వచ్చాక పుట్టి ఆ పదవి చేపట్టిన తొలి వ్యక్తి ఆయనే. పార్టీ చొక్కా విప్పి సభ మొత్తానికి పెద్దమనిషిగా కూర్చున్నారు. పంచెకట్టు మాత్రం మార్చలేదు. ఢిల్లీలో ఏ దేశాధినేత వచ్చినా, ఏ దేశానికి తానెళ్లినా మా నెల్లూరు పంచె, తెల్ల చొక్కాలతోనే కనిపించారు.

రాజ్యసభ అధ్యక్షుడిగా ఆయన చేసిన పనుల్లో మేం అన్నిటికన్నా ఎత్తున పెట్టేది ఒకటుంది. మంత్రులు సభలో పత్రాలు సమర్పించేటప్పుడు వేడుకుంటున్నామనే వలసకాలపు మాట వాడుతుంటే, స్వతంత్ర దేశంలో ఎవరూ ఎవరినీ వేడుకోనక్కర్లేదని 2017 డిసెంబరులో చెప్పి మాన్పించారు. మరుసటి ఏడాది జులైలో డోగ్రీ, కశ్మీరీ, కొంకణి, సంతాలీ, సింధీ భాషలకు కూడా అనువాదకులను ఏర్పాటు చేయించి, రాజ్యాంగం ఎనిమిదో షెడ్యూలులోని 22 భాషల్లో దేనిలోనైనా సభ్యుడు మాట్లాడే వీలు కల్పించారు. ఒక సంతాలీ బిడ్డ తన తల్లి మాటలో దేశ పెద్దల సభను పలకరించవచ్చు. శాతవాహనుల వెండి నాణెం మీద జనం భాష ఎక్కినట్టే, ఆయన హయాంలో పెద్దల సభలోకి జనం భాషలన్నీ ఎక్కాయి. ఏ వేదిక ఎక్కినా కన్నతల్లిని, మాతృభాషను, పుట్టిన ఊరిని, మాతృదేశాన్ని, చదువు చెప్పిన గురువును మరవొద్దని చెప్పడం ఆయనకు అలవాటు. ఆయన చెప్పిందంతా చేసి చూపించారు కాబట్టే ఆ మాట చెవికెక్కుతుంది.

చేసి చూపించారనడానికి నెల్లూరులోనే సాక్ష్యం ఉంది. తెలుగుకు ప్రాచీన హోదా 2008లో వచ్చినా, ప్రాచీన తెలుగు అధ్యయన కేంద్రం ఏళ్ల తరబడి మైసూరులోనే ఉండిపోయింది. ఆయన ఉపరాష్ట్రపతిగా ఉన్న కాలంలో అది నెల్లూరుకు తరలి వచ్చింది, 2020 జనవరిలో ఇక్కడ ప్రారంభమైంది. తిక్కన సోమయాజి నడిచిన ఊరికి ప్రాచీన తెలుగు కేంద్రం రావడం కన్నా సముచితమైనది ఏముంటుంది? వెంకటాచలంలో 2001 నుంచి స్వర్ణభారత్ ట్రస్టు గ్రామీణ యువతకు, మహిళలకు చేతివృత్తుల శిక్షణ, ఆరోగ్య సేవలు అందిస్తోంది. విజయవాడ దగ్గర ఆత్కూరులోనూ, హైదరాబాద్ దగ్గర ముచ్చింతల్‌లోనూ ఆ సేవ కొనసాగుతోంది. కుట్టుమిషను నేర్చుకున్న అమ్మాయి, కంప్యూటరు నేర్చుకున్న అబ్బాయి తమ కాళ్ల మీద నిలబడి ఇంటికి డబ్బు పంపుతుంటే, ఆ ఇంట్లో ఆయన పేరు పదవులతో పనిలేకుండా పలుకుతుంది.

2022 ఆగస్టులో పదవీకాలం ముగిసింది. 2024లో పద్మవిభూషణ్ వచ్చింది. అదే ఏడాది జూన్ 30న, 75 ఏళ్లు నిండబోతున్న సందర్భంలో, ఆయన జీవితం మీద మూడు పుస్తకాలను ప్రధాని నరేంద్ర మోదీ విడుదల చేశారు. పదవి ముగిసింది గానీ పని ముగియలేదు. కళాశాలల్లో, రైతుల సభల్లో, పుస్తకావిష్కరణల్లో, పెళ్లిళ్లలో ఆయన ఇప్పటికీ తిరుగుతూనే ఉన్నారు, ప్రాసలతో నవ్విస్తూనే, సూటి మాటలతో ఆలోచింపజేస్తూనే ఉన్నారు. చట్టసభల్లో దూషణలు, రభస పెరుగుతున్నాయని పార్టీ చూడకుండా మందలించగల గొంతు ఇవాళ అదే.

ఇప్పుడు మా తీరం సంగతి. బోగోలు మండలంలోని జువ్వలదిన్నెలో రూ.288 కోట్ల వ్యయంతో ఫిషింగ్ హార్బర్ వచ్చింది. 1,250 బోట్లు నిలిపేలా దాన్ని రూపొందించారు. ఒకప్పుడు అలలకు ఎదురొడ్డి ఇసుక మీదికి బోటు లాగుకున్న చేతులు ఇప్పుడు రేవులో తాడు కట్టే రోజు చూశాయి. ఈ జిల్లా ఎదుగుదలను ఆయన ఎంత ఇష్టంగా చూసుకుంటారో తెలిసినవాళ్లం కాబట్టి, ఈ రేవు నుంచే ఆ నాణెం మాట ఎత్తుతున్నాం.

మారకపు నాణెం వేసే అధికారం ప్రభుత్వానిదే. మేం కోరేది మారకపు నాణెం కాదు. విలువ అంకె లేని జ్ఞాపిక, మేలిమి వెండితో, శ్రేయోభిలాషులు వేయించేది. ఒకవైపు పంచెకట్టుతో ఆయన రూపం, చుట్టూ తెలుగు అక్షరాల్లో పేరు. రెండో వైపు యజ్ఞశ్రీ నాణెం మీదిలాంటి రెండు తెరచాప కొయ్యల ఓడ, దాని కింద కెరటాలు, వెనక ఉదయగిరి కొండ. ఏ పార్టీ గుర్తూ ఉండకూడదు. ఉపరాష్ట్రపతి పదవికి వెళ్లే ముందు ఆయనే పార్టీని పక్కన పెట్టారు, మేమూ పెడదాం. కమ్యూనిస్టైనా, తెలుగుదేశమైనా, వైఎస్సార్ కాంగ్రెసైనా, ఏ జెండా పట్టిన వారైనా ఇందులో చేయి వేయవచ్చు. 1984లో ఎన్టీఆర్ కోసం నిలబడినప్పుడు ఆయన జెండా చూడలేదు కదా.

1978లో ఉదయగిరి నుంచి ఆయన తొలిసారి శాసనసభలో అడుగుపెట్టిన ఘట్టానికి 2028లో 50 ఏళ్లు నిండుతాయి. ఆ స్వర్ణోత్సవానికి ఈ వెండి నాణెం సిద్ధం కావాలి. తొలి నాణెం ఆయన చేతిలో పెట్టాలి. రెండోది నెల్లూరులోని ప్రాచీన తెలుగు అధ్యయన కేంద్రానికి, మూడోది ఉదయగిరికి, నాలుగోది జువ్వలదిన్నె పిల్లలు చదువుకునే బడికి ఇవ్వాలి. అమ్మకం వల్ల ఏమైనా మిగిలితే అది మత్స్యకార పిల్లల చదువులకు వెళ్లాలి. ఆయన ఇష్టపడే ఖర్చు అదే.

అయ్యా వెంకయ్యనాయుడు గారూ, మీకు నిండు నూరేళ్లు ఆయుష్షు, చెదరని ఆరోగ్యం, తరగని వాక్పటిమ కలగాలని ఈ తీరం మీద నిలబడి గంగమ్మను వేడుకుంటున్నాం. మీరు తెలుగు కోసం ఇంకా చాలా మాట్లాడాలి, మా పిల్లలు ఇంకా చాలా వినాలి. జిల్లాలోని కంసాలులు, చిత్రకారులు, నాణేల సేకర్తలు, ఉదయగిరి, ఆత్మకూరు, కావలి, నెల్లూరు మిత్రులు, విదేశాల్లో ఉన్న మా ఊళ్ల బిడ్డలు అందరికీ మనవి: నాణెం నమూనా గీయగలిగినవాళ్లు గీసి తీసుకురండి, వెండి ఇవ్వగలిగినవాళ్లు తులమో అరతులమో తోచినంత ఇవ్వండి, 2028కి ఎంతో సమయం లేదు.